301 నుంచి 231: ఒక ఆక్టావియా, రెండు డైనో కాగితాలు

"అన్నా, మిగతా 70 ఎవరు తిన్నారు?"

కారు పవర్ కొలిచే డైనో మెషిన్ స్క్రీన్ మీద 231 అని పడగానే గుంటూరు తమ్ముడు అడిగిన మొదటి మాట ఇది. చేతిలో బెంగళూరు షాపు వాళ్లిచ్చిన కాగితం ఉంది, లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు, దాని మీద తాటికాయంత అక్షరాలతో 301 పీఎస్, అంటే అన్ని గుర్రాల బలం. అదే కారు, ఇంజిన్ కంప్యూటర్‌లో అదే మ్యాప్, అవే పార్టులు. మధ్యలో గడిచింది ఐదు వారాలు. అతని మొహం చూస్తే నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను, లక్షలు పోసినవాడికి అది నవ్వులాట కాదు కదా.

కారు 2018 స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 230. మన దేశానికి 2017లో వచ్చిన మోడల్. 2.0 లీటర్ టీఎస్ఐ ఇంజిన్, ఈఏ888 మూడో తరం, ఐఎస్20 టర్బో, గేర్లు తనే మార్చుకునే ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్, పవర్ అంతా ముందు చక్రాలకే. కంపెనీ లెక్క 230 పీఎస్ పవర్, 350 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం. రెండేళ్ల కిందట దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇంజిన్ ఆరోగ్యం చూడమని నా దగ్గరికే తెచ్చాడు. అప్పుడు జనవరిలో పొద్దున్నే, 22 డిగ్రీల చల్లదనంలో, ఇదే డైనో మీద చక్రాల దగ్గర 198 పీఎస్ వచ్చింది. ఆ ఫైలు నా ల్యాప్‌టాప్‌లో ఉండబట్టి ఈ కేసు తేలింది. లేకపోతే నేనూ అతనూ రెండు కాగితాలు పట్టుకుని ఇప్పటికీ వాదించుకుంటూ ఉండేవాళ్లం.

తర్వాత అతను బెంగళూరులో స్టేజ్ 2 చేయించాడు. ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్‌కి కొత్త మ్యాప్, టర్బో నుంచి పొగ సులువుగా పోయేలా హై-ఫ్లో క్యాట్ ఉన్న డౌన్‌పైప్, గాలి పీల్చే చోట ఓపెన్ ఫిల్టర్ ఇన్‌టేక్. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మాత్రం కంపెనీదే ఉంచారు. గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ ముట్టుకోలేదు. ఇలాంటి మార్పులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుందని, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర తేడా వస్తే నీదే బాధ్యతని అతనికి ముందే చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను, ఇక అసలు విషయానికి వస్తాను.

అతను వచ్చింది 301 నిజమో కాదో తేల్చుకోడానికి కాదు. రెండు బాధలు చెప్పాడు. ఒకటి, పొద్దున బండి ఎగిరి దూకుతుంది, మధ్యాహ్నం విజయవాడ దాటాక పైన, అంటే ఇంజిన్ వేగంగా తిరిగే చోట, గాలి పోయినట్టు ఉంటుంది. రెండోది, టార్క్ 478 ఎన్ఎం వచ్చింది కాబట్టి డీఎస్‌జీ క్లచ్ తట్టుకోదు, మార్చేయమని ఎవరో అంచనా రాసిచ్చారు. ఆ అంచనా డబ్బుతో ఒక మంచి సెకండ్ హ్యాండ్ ఆల్టో వస్తుంది.

సరే, ముందు డైనో మీద ఎక్కిద్దాం అన్నాను. నాకు సొంత డైనో లేదు, ఊరి బయట ఒక షెడ్డులో గంటల లెక్కన అద్దెకు తీసుకుంటాను. రోలర్ డైనో, చక్రాల దగ్గర వచ్చేదే చూపిస్తుంది, ఇంజిన్ లెక్క అంటూ ఏదీ కలపదు. అందుకే నాకు ఇష్టం.

మొదటి రన్ వృథా అయింది, కానీ ఎలా అయిందో చెప్పాలి. డీఎస్‌జీని మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేర్‌లో పెట్టి, 2,000 ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, అక్కడి నుంచి మెల్లగా మొదలుపెట్టి ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వాలి. ఆ రోజు ఆపరేటర్ కుర్రాడు కొత్తవాడు, పెడల్‌ని నేలకేసి తొక్కాడు. ఈ కార్ల పెడల్ చివర ఒక క్లిక్ ఉంటుంది, అదే కిక్‌డౌన్ స్విచ్. గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీదే ఉంటే మాన్యువల్ మోడ్‌లో ఉన్నా సరే, ఆ క్లిక్ దాటితే గేర్ దిగిపోతుంది. 3,000 దగ్గర ఠక్కున మూడో గేర్‌కి దిగింది, గ్రాఫ్‌లో ఒక్కసారిగా కొండ శిఖరంలా పైకి లేచి మళ్లీ పడింది. ఆ శిఖరం కొన మీద 262 అని చూపించింది. తమ్ముడు వెంటనే ఫోన్ తీశాడు. "అదిగో అన్నా, 262!" అంటాడు. అది ఇంజిన్ పవర్ కాదు నాయనా, గేర్ మారినప్పుడు తిరుగుతున్న బరువులన్నీ ఒక్కసారి రోలర్ మీద పడ్డ కుదుపు. నెట్‌లో తిరిగే చాలా గ్రాఫుల్లో పీక్ నంబర్ ఇలాంటి ముక్కు మీదే ఉంటుంది. గీత ఎక్కడైనా సూదిలా లేస్తే అక్కడి నంబర్ చదవకండి.

రెండో చిక్కు, ముందు చక్రాలు తిరుగుతుంటే వెనక చక్రాలు కదలకపోవడం చూసి, కారు జారకుండా కాపాడే ఈఎస్‌సీ కంగారుపడుతుంది. రోలర్ మోడ్‌లో పెట్టకపోతే టార్క్ కోసేస్తుంది, అప్పుడు గీత కత్తిరించినట్టు బల్లపరుపుగా వస్తుంది. అది సర్దుకున్నాం. టైర్లలో గాలి 38కి పెంచి, కారుని కట్టే బెల్టులు రాసిపెట్టుకున్న గుర్తు దాకానే బిగించి, అప్పుడు లెక్కలోకి వచ్చే రన్స్ మొదలుపెట్టాం. బెల్ట్ బిగింపు గురించి నవ్వేవాళ్లు ఉంటారు, ఒకసారి అదే కారుని వదులుగా ఒకసారి, గట్టిగా ఒకసారి కట్టి చూడండి, టైరు రోలర్ మీద ఎంత నలుగుతుందో దాన్ని బట్టి నాలుగైదు పీఎస్ అటూ ఇటూ అవుతుంది.

ఆ రోజు షెడ్డులో 36 డిగ్రీలు. మూడు రన్స్, పది నిమిషాల్లో. 231, 224, 213.

ఇప్పుడు కాగితాల సంగతి.

లామినేట్ చేసిన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఉన్నది చదివాను. మనవాడు దాన్ని ఎప్పుడూ చదవలేదు, ఎవరూ చదవరు. అక్కడ నాలుగు ముక్కలున్నాయి: వీల్ పవర్ 228, లాస్ పవర్ 38, కరెక్షన్ డిఐఎన్ 70020, ఫ్యాక్టర్ 1.13. దాని పక్కనే పీడనం 910 మిల్లీబార్లు, ఉష్ణోగ్రత 27.

చూడండి, 228 అనేది వాళ్ల రోలర్ మీద నిజంగా కొలిచింది. రన్ అయ్యాక కారుని న్యూట్రల్‌లో వదిలేస్తే రోలర్లు ఎంత తొందరగా నెమ్మదిస్తాయో చూసి, గేర్‌బాక్స్, టైర్లు కలిసి 38 మింగేస్తున్నాయని ఆ మెషిన్ లెక్క కట్టింది. రెండూ కలిపితే 266. దాన్ని 1.13తో గుణిస్తే 301. అంటే 301 అబద్ధం కాదు. ఆ షాపు వాళ్లు మోసం చేయలేదు, వాళ్ల మెషిన్ ఎలా ప్రింట్ చేస్తుందో అలా ప్రింట్ చేసి ఇచ్చారు. కానీ మా షెడ్డులో వచ్చిన 231 పక్కన పెట్టాల్సింది 301 కాదు, 228. తినేశారనుకున్న 70లో 38 గేర్‌బాక్స్, టైర్ల పద్దు, 35 వాతావరణం పద్దు. మిగిలిన తేడా 3, అదీ మనవైపే ఎక్కువ. రెండు వేర్వేరు డైనోలు ఇంత దగ్గరగా రావడం సగం అదృష్టమే, దాన్ని పట్టుకుని రెండూ సమానం అనేయకూడదు. లారీని రెండు ఊళ్ల ధర్మకాటాల మీద తూస్తే క్వింటా తేడా వస్తుంది, డైనో కూడా కాటానే.

ఆ 1.13 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే టర్బో కార్ల విషయంలో గందరగోళమంతా ఇక్కడే. డిఐఎన్ 70020 అనే జర్మన్ లెక్కలో ప్రమాణం 1013 మిల్లీబార్లు, 20 డిగ్రీలు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ గాలి పలచన. 1013ని 910తో భాగిస్తే 1.113. ఉష్ణోగ్రతలకి 273 చొప్పున కలిపి, 300ని 293తో భాగించి వర్గమూలం తీస్తే 1.012. రెండూ గుణిస్తే 1.126, కాగితం మీద 1.13. దీని అర్థం ఏమిటంటే, "ఈ ఇంజిన్ బెంగళూరులో పలచని గాలి పీల్చి 266 చేసింది, సముద్రం ఒడ్డున 20 డిగ్రీల్లో అయితే 301 చేసేది" అని.

టర్బో లేని ఇంజిన్‌కి ఈ మాట దాదాపు నిజం. దానికి బయట గాలి ఎంత ఉంటే అంతే లోపలికి పోతుంది. టర్బో కారు అలా కాదు. ఈసీయూ ఒక గాలి లెక్క పెట్టుకుని ఉంటుంది, బయట పీడనం తగ్గితే టర్బో వేగాన్ని అదుపు చేసే వేస్ట్‌గేట్ తలుపు ఇంకాస్త మూసి, టర్బోని ఇంకాస్త వేగంగా తిప్పి, ఆ లెక్క అందుకుంటుంది. పోయింది అని మనం అనుకున్న పవర్‌ని కారు తనే తిరిగి తెచ్చుకుంది, దాని మీద మళ్లీ మనం 13 శాతం కలుపుతున్నాం. ఒకే కూలీకి రెండుసార్లు డబ్బులిచ్చినట్టు. గుంటూరు దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది, అక్కడ ఈ కారు 301 చేయాలి మరి! చేయదు. టర్బో మీద భారం కాస్త తగ్గుతుంది అంతే.

అలాగని కరెక్షన్ మొత్తం దండగ అని కూడా అననుగా. ఐఎస్20 చిన్న టర్బో, 5,500 దాటాక దాని ఊపిరి చివరికొస్తుంది, అక్కడ ఇంకా వేగంగా తిరిగి సర్దుకునే వెసులుబాటు ఉండదు. కాబట్టి మధ్య ఆర్‌పీఎంలో కరెక్షన్ దాదాపు గాలి మాట, చివర్లో కొంత నిజం. మొత్తం గీతని ఒకే నంబర్‌తో గుణించే సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడా తెలీదు. నా పద్ధతి ఏమిటంటే, టర్బో కారు అయితే కరెక్షన్ ఆపేస్తాను, పీడనం, ఉష్ణోగ్రత మాత్రం పక్కన రాసిపెట్టుకుంటాను. ఇంకోళ్లతో పోల్చాలంటే ఎస్ఏఈ అనే అమెరికా లెక్క అడుగుతాను, దాని ప్రమాణం 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలి. ఏ లెక్క వాడారో రాయని కాగితాన్ని నేను చదవను.

ఒక చిన్న సంగతి. మా షెడ్డులో స్క్రీన్ మీద ఉష్ణోగ్రత 47 చూపిస్తోంది, గోడ మీది థర్మామీటర్‌లో 36. వెతికితే సెన్సర్ వైరు జారి సైలెన్సర్ వెనక వేలాడుతోంది! కరెక్షన్ ఆన్ చేసి ఉంటే ఆ ఒక్క వైరు వల్ల ఊరికే నాలుగైదు పీఎస్ వచ్చి పడేది. ఎవరూ దొంగతనం చేయక్కర్లేదు, వైరు జారితే చాలు.

ఇక టార్క్. నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది, క్లచ్ అంచనా నిలబడింది దీని మీదే కాబట్టి అతనికీ ముఖ్యమే.

రోలర్ డైనోకి ఇంజిన్ ఆర్‌పీఎం తనంతట తెలీదు. రోలర్ ఎంత బలంతో, ఎంత వేగంతో తిరుగుతోందో తెలుసు, ఆ రెండిటి నుంచి పవర్ సూటిగా వస్తుంది. ఏ గేర్‌లో ఉన్నా పవర్ మారదు. కానీ ఇంజిన్ టార్క్ చెప్పాలంటే పవర్‌ని ఇంజిన్ ఆర్‌పీఎంతో భాగించాలి. పీఎస్‌ని 7,024తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే ఎన్ఎం. కావాలంటే కంపెనీ లెక్క మీదే చూసుకోండి: ఈ కారుకి 350 ఎన్ఎం 4,600 దాకా ఉంటుందని రాశారు, 350ని 4,600తో గుణించి 7,024తో భాగిస్తే 229, అక్కడి నుంచే 230 పీఎస్ మొదలు. సరిపోయింది కదా.

ఆ ఆర్‌పీఎం డైనోకి ఎలా తెలుస్తుంది అంటే, చాలాచోట్ల ఆపరేటర్ రన్‌కి ముందు కారుని 3,000 దగ్గర నిలకడగా పట్టుకుని, మీటర్ చూసి, "ఇప్పుడు 3,000" అని సాఫ్ట్‌వేర్‌కి చెప్తాడు. మీటర్ ముల్లు 3,200 దగ్గర ఉండగా 3,000 అని నొక్కాడనుకోండి, ఇక ఆ రోజంతా అదే తప్పు. పవర్ నంబర్ మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

బెంగళూరు గ్రాఫ్ 6,150 దగ్గర ఆగిపోయింది. అదే రన్‌కి ఈసీయూ లాగ్, అంటే రన్‌లో కారు తనే రాసుకున్న లెక్కలు, కూడా తమ్ముడి ఫోన్‌లో ఉంది, ఆ షాపు వాళ్లే పంపారు, మంచి పని చేశారు. లాగ్‌లో అదే రన్ 6,600 దగ్గర ఆగింది. రెండు చోట్లా కాలు తీసిన క్షణం ఒకటే అయినప్పుడు ఆర్‌పీఎం రెండు రకాలుగా ఉండకూడదు. 6,600ని 6,150తో భాగిస్తే 1.073. అంటే డైనోకి చెప్పిన ఆర్‌పీఎం 7 శాతం తక్కువ, కాబట్టి టార్క్ 7 శాతం ఎక్కువగా పడింది. 478ని 1.073తో భాగిస్తే 445. అందులో మళ్లీ 1.13 గాలి కరెక్షన్ ఉంది, అది తీసేస్తే 394.

478 ఎక్కడ, 394 ఎక్కడ! క్లచ్ మీద పడేది కరెక్షన్ వేసిన టార్క్ కాదు, నిజంగా ఇంజిన్ తిప్పే టార్క్. 394 కూడా కంపెనీ లెక్కకన్నా ఎక్కువే, కాదనను, కానీ ఇప్పటికిప్పుడు క్లచ్ మార్చాల్సిన అంకె అది కాదు. క్లచ్ జారుతోందా లేదా అన్నదానికి అంకెలతో పనే లేదు, లాగ్ చూస్తే తెలిసిపోతుంది. ఫుల్ యాక్సిలరేటర్‌లో ఇంజిన్ ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ లోపలికి వెళ్లే షాఫ్ట్ ఆర్‌పీఎం పక్కపక్కన పెట్టి చూశాం. టార్క్ పీక్‌లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు ఉన్నాయి. జారితే ఇంజిన్ గీత పైకి లేచిపోవాలి. లేవలేదు. క్లచ్ జోలికి పోవద్దు, గేర్‌బాక్స్ ఆయిలు, ఫిల్టరు మార్చు చాలు అన్నాను.

అప్పటికి అతని టెన్షన్ సగం దిగింది. కానీ నాది మొదలైంది, ఎందుకంటే 231, 224, 213 అన్న ఆ మూడు అంకెలు నాకు నచ్చలేదు. ఇది కాగితం గొడవ కాదు, అదే డైనో, అదే గంట, కరెక్షన్ లేదు, 18 పీఎస్ పోయింది. మధ్యాహ్నం పైన గాలి పోతోంది అని అతను చెప్పిన మాట ఇదే. సాధారణంగా ఒకే కారు వరసగా మూడు రన్స్ చేస్తే మా డైనో మీద రెండు మూడు పీఎస్ తేడా మామూలే, దాన్ని నేను పట్టించుకోను. 18 అంటే ఏదో ఉంది.

ముందు, పోల్చడానికి సరైన కాటా కావాలి కదా. జనవరిలో 198 వచ్చిందని చెప్పి 231 నుంచి 198 తీసేస్తే 33 పెరిగింది అనుకోవచ్చు, కానీ అది చలిలో పొద్దున, ఇది ఎండలో మధ్యాహ్నం. అందుకని అక్కడికక్కడే స్టాక్ మ్యాప్, అంటే కంపెనీ మ్యాప్, ఎక్కించి మళ్లీ మూడు రన్స్ తీశాం. డౌన్‌పైప్, ఇన్‌టేక్ అలాగే ఉన్నాయి కాబట్టి ఇది అసలు స్టాక్ కాదు, ఆ మాట కాగితం మీద రాశాను. 189, 187, 184. అంటే మొదటి రన్‌లో లాభం 42, మూడో రన్‌కి వచ్చేసరికి 29. పెట్టిన డబ్బులో మూడో వంతు వేడికి ఆవిరైపోతోంది. స్టాక్ మ్యాప్‌లో పడిపోయింది 5, ట్యూన్ మ్యాప్‌లో 18. ఇలా అదే రోజు వెనక్కి వెళ్లి కొలవడానికి గంట అదనపు అద్దె అవుతుంది, చాలామంది వద్దంటారు. నేనైతే ముందు రన్ లేకుండా తర్వాత రన్ ఒక్కటే ఇస్తే ఆ కాగితాన్ని సగం కాగితం అనే అంటాను.

లాగ్ తెరిచాం. బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, చూస్తే మూడు రన్స్‌లోనూ ఈసీయూ అడిగినంత వచ్చింది, 3,500 దగ్గరా వచ్చింది, 6,000 దగ్గర కొంచెం తక్కువ, అది ఐఎస్20కి మామూలే. అంటే టర్బో బాగానే ఉంది, పైపులు ఎక్కడా లీక్ లేవు. ఇన్‌టేక్ టెంపరేచర్ చూస్తే మొదటి రన్ చివర్లో 46 డిగ్రీలు, రెండో రన్‌కి 58, మూడో రన్‌కి 69. దాని కిందే నాక్ గీత, నాక్ అంటే వేడికి సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం. మూడో సిలిండర్‌లో మొదటి రన్‌లో రెండు డిగ్రీల టైమింగ్ వెనక్కి లాగింది, మూడో రన్‌లో ఆరు దాటింది. నాలుగు సిలిండర్లూ అదే దారి. గాలి అంతే వెళ్తోంది, కానీ వేడిగా వెళ్తోంది, ఇంజిన్ నాక్ అవుతుందని భయపడి ఈసీయూ స్పార్క్‌ని ఆలస్యం చేస్తోంది, పవర్ అక్కడ పోతోంది.

ఇంటర్‌కూలర్ మీద అనుమానం. కానీ అనుమానంతోనే పార్టు అమ్మేయడం నాకు నచ్చదు. ముందు షెడ్డు ఫ్యాన్ చూశాను, అది బానెట్ ఎత్తులో రేడియేటర్ పైభాగానికి కొడుతోంది, బంపర్ కింది జాలీ దగ్గర చేయి పెడితే గాలే లేదు. రోడ్డు మీద వందలో వెళ్లే కారుకి తగిలే గాలికీ, ఈ ఫ్యాన్‌కీ పోలిక లేదు, కాబట్టి పడిపోయిన 18లో కొంత షెడ్డు తప్పే. ఫ్యాన్‌ని కిందికి దించి బంపర్ జాలీకి ఎదురుగా పెట్టి, 25 నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ లాగితే 229. చల్లారితే పవర్ వెనక్కొచ్చింది, కాబట్టి ఏదీ పాడవలేదు, వేడి ఒక్కటే శత్రువు. ఫ్యాన్ మార్చాక వరస రన్స్ 229, 225, 218. పతనం తగ్గింది, పోలేదు.

తర్వాత పెట్రోల్. ట్యాంకులో ఏముంది తమ్ముడూ అంటే "హైవే మీద కొట్టించా అన్నా, మామూలుదే" అన్నాడు. స్టేజ్ 2 మ్యాప్‌ని ఏ ఆక్టేన్‌కి, అంటే నాక్‌ని ఎంత తట్టుకునే పెట్రోల్‌కి, రాశారో అడిగావా అంటే మొహం తెల్లబోయింది. బెంగళూరు షాపుకే ఫోన్ చేయించాను, 97 కన్నా తక్కువ వాడొద్దని వాళ్లు చెప్పారట, ఇతను విన్నట్టు గుర్తులేదు. మర్నాడు ట్యాంకు ఖాళీ దాకా తిప్పి, 99 ఆక్టేన్ నింపుకుని రమ్మన్నాను. మొదటి ట్యాంకు సగం అయ్యాక డైనో. 236, 232, 227. మూడో సిలిండర్ టైమింగ్ లాగుడు మూడో రన్‌లో ఆరు నుంచి మూడున్నరకి తగ్గింది. లీటరుకి కొన్ని పదుల రూపాయల ఖర్చుతో మూడో రన్‌లో 9 పీఎస్. మార్కెట్‌లో ఇంత చవక పార్టు దొరకదు.

ఇంటర్‌కూలర్ నెల తర్వాత పెట్టాం, పెద్దది, బార్ అండ్ ప్లేట్ రకం. మే నెల, షెడ్డులో 39 డిగ్రీలు, అదే పెట్రోల్, ఫ్యాన్ అదే చోట. 239, 238, 236. మొదటి రన్ నంబర్ చూస్తే మూడు పెరిగింది అంతే, దీనికి ఇంత డబ్బా అనిపిస్తుంది. మూడో రన్‌తో మూడో రన్ పోల్చండి: 227 నుంచి 236. పాత ఫ్యాన్, పాత పెట్రోల్ రోజుతో పోలిస్తే 213 నుంచి 236. పీక్ నంబర్ ఒక్కటే చూసేవాడు ఇంటర్‌కూలర్ దండగ అంటాడు, మధ్యాహ్నం మూడింటికి నార్కట్‌పల్లి దాటేవాడు అనడు.

ఇన్‌టేక్ సంగతి కూడా తేల్చుదాం అని అదే రోజు కంపెనీ ఎయిర్‌బాక్స్ తిరిగి బిగించి రన్ చేశాం. 238. అంటే తేడా ఒకటి, అది మా డైనో మీద తేడానే కాదు. తమ్ముడు కాసేపు ఏం మాట్లాడలేదు. వేలు పోసి కొన్న ఓపెన్ ఫిల్టర్ బూడిదలో పోసిన పన్నీరు. పైగా ఇంజిన్ వేడి గాలిని పీలుస్తుంది, రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇన్‌టేక్ టెంపరేచర్ నాలుగైదు డిగ్రీలు ఎక్కువే చూపిస్తోంది. "కానీ సౌండ్ బాగుంటుంది అన్నా" అన్నాడు. సౌండ్ బాగుంటుంది, నిజమే, దానికోసమే ఉంచుకో, పవర్ కోసం అని మాత్రం అనుకోకు అన్నాను.

డౌన్‌పైప్ ఎంత ఇచ్చిందో విడిగా చెప్పలేను, అది తీసి కొలవలేదు. జనవరి స్టాక్ గీత పక్కన పెడితే టార్క్ ముందే లేస్తోంది, అందులో మ్యాప్ ఎంత, పైప్ ఎంత అని విడదీసి చెప్పేవాడు ఊహిస్తున్నట్టే. మొత్తం మీద 2,500 దగ్గర చక్రాల టార్క్ 287 నుంచి 341 అయింది, 3,500 దగ్గర 318 నుంచి 368. నా ఉద్దేశంలో ఈ కారులో అసలు సంపాదన ఇక్కడుంది, 5,700 దగ్గరి పీక్‌లో కాదు. లారీని దాటేటప్పుడు ఎవడూ 5,700లో ఉండడు.

చివర్లో మళ్లీ పాత ప్రశ్నే. "అన్నా, ఇది వీల్ పవర్ కదా, 15 శాతం కలిపితే ఇంజిన్‌ది వస్తుందంట కదా?" 239ని 0.85తో భాగిస్తే 281. మంచి నంబరే. కానీ ఆ 15 శాతం కాకిలెక్క. స్టాక్‌లో కంపెనీ చెప్పిన 230కి మా దగ్గర 198, అంటే 32 పోయింది. మ్యాప్ మార్చినంత మాత్రాన గేర్‌బాక్స్ మారలేదు, ఆయిల్ మారలేదు, టైర్లు మారలేదు. రాపిడిలో కొంత భాగం పవర్‌తో పాటు పెరుగుతుంది, కొంత భాగం ఎంత పవర్ ఉన్నా మారదు. శాతం లెక్క వేస్తే 800 పీఎస్ చేసే కారులో గేర్‌బాక్స్ ఒక్కటే 120 వేడిగా మార్చాలి, అది కరిగిపోతుంది. ఈ కారుకి 35 నుంచి 38 కలిపితే 275 చుట్టుపక్కల. అంతకన్నా కచ్చితంగా చెప్పమంటే ఇంజిన్ బయటికి దించి ఇంజిన్ డైనో మీద పెట్టాలి, పద మరి అన్నాను.

కాగితం ఇచ్చేటప్పుడు పైన నంబర్ చిన్నగా రాసి, కింద పెద్ద అక్షరాలతో రాశాను: చక్రాల దగ్గర, కరెక్షన్ లేదు, 39 డిగ్రీలు, 99 ఆక్టేన్, నాలుగో గేర్, మూడో రన్ 236. పక్కనే మూడు రన్స్ గీతలు ఒకదాని మీద ఒకటి. క్లచ్ మార్చకుండా ఇప్పటికి తొమ్మిది నెలలు, పోయిన వారం సర్వీసుకి వచ్చినప్పుడు లాగ్ మళ్లీ తీశాను, గీతలు అతుక్కునే ఉన్నాయి.

నేను కాగితం ఇచ్చిన రోజు సాయంత్రం అతని వాట్సాప్ స్టేటస్ చూశాను. 301 కాగితమే పెట్టాడు, అడుగు భాగం కత్తిరించి.